తాగునీరు సీసాల్లోనే ఎందుకు వస్తుంది? శీతల పానీయాల్లా డబ్బాల్లో ఎందుకు రాదు?

రైల్వే స్టేషన్‌లోనో బస్టాండులోనో ఏ దుకాణం ముందు నిలబడినా ఒక తేడా కనిపిస్తుంది. శీతల పానీయాలు ప్లాస్టిక్ సీసాల్లోనూ ఉంటాయి, అల్యూమినియం డబ్బాల్లోనూ ఉంటాయి. వాటి పక్కనే ఉండే తాగునీరు మాత్రం దాదాపు ఎప్పుడూ ప్లాస్టిక్ సీసాలోనే ఉంటుంది.

ప్లాస్టిక్ వ్యర్థాల గురించి ప్రపంచమంతా ఆందోళన వ్యక్తమవుతోంది. అల్యూమినియాన్ని ఎన్నిసార్లయినా కరిగించి మళ్లీ వాడుకోవచ్చు. అయినా నీళ్ల వ్యాపారం ప్లాస్టిక్ సీసానే ఎందుకు పట్టుకుని ఉంది? డబ్బాలోకి మారితే సమస్య తీరిపోతుందా?

తెలుగు రాష్ట్రాల్లో ‘వాటర్ క్యాన్’ అంటే ఇంటింటికీ వచ్చే 20 లీటర్ల ప్లాస్టిక్ క్యాన్ అనే అర్థం స్థిరపడింది. ఈ కథనంలో డబ్బా అన్న మాటను శీతల పానీయాలు, బీరు నింపే చిన్న అల్యూమినియం డబ్బా అనే అర్థంలోనే వాడుతున్నాం.

డబ్బాను నిలబెట్టేది లోపలి గ్యాసే

పానీయాల డబ్బా గోడ మందం సుమారు 0.1 మిల్లీమీటరు. అంటే మనం రాసుకునే కాగితమంత. ఖాళీ డబ్బా బరువు 13 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. ఇంత పలుచని లోహం వరుస మీద వరుస పేర్చినా నలిగిపోకుండా నిలబడటానికి కారణం అందులోని పానీయమే.

శీతల పానీయంలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ లోపలి నుంచి గోడలను బయటికి నెడుతూ ఉంటుంది. గాలి నింపిన సైకిల్ ట్యూబు గట్టిపడినట్టే డబ్బా కూడా గట్టిపడుతుంది. మూత తెరవగానే ఆ ఒత్తిడి పోతుంది. అందుకే తెరవని డబ్బాను చేత్తో నొక్కలేని వారు కూడా ఖాళీ డబ్బాను రెండు వేళ్లతో నొక్కేయగలరు. డబ్బా అడుగుభాగం లోపలికి వంపు తిరిగి ఉండటం కూడా ఈ ఒత్తిడిని తట్టుకోవడానికే.

మామూలు తాగునీటిలో అలాంటి గ్యాస్ ఉండదు. నీళ్లను అలాగే నింపి మూత వేస్తే పలుచని గోడలు రవాణాలో సొట్టలు పోతాయి. దీనికి ఒక ఉపాయం ఉంది. మూత బిగించడానికి క్షణం ముందు ఒక చుక్క ద్రవ నైట్రోజన్‌ను నీటిపై వేస్తారు. మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ వద్ద మరిగే ఆ చుక్క వెంటనే ఆవిరై, దాదాపు 700 రెట్లు వ్యాకోచించి, డబ్బాకు కావలసిన ఒత్తిడిని ఇస్తుంది. మరీ పలుచని ప్లాస్టిక్ సీసాలకు కూడా కొన్ని కర్మాగారాలు ఇదే పద్ధతిని అనుసరిస్తాయి.

కాబట్టి డబ్బాలో నీళ్లు నింపడం అసాధ్యమేమీ కాదు. అయితే అందుకు అదనపు యంత్రం, అదనపు ఖర్చు కావాలి. ఆ ఖర్చు పెట్టడానికి నీళ్లు అమ్మేవారికి తగిన కారణం దొరకలేదు.

డబ్బా గొప్పతనం నీటికి అక్కరలేదు

అల్యూమినియం గోడ గుండా గ్యాస్ బయటికి పోదు, వెలుతురు లోపలికి రాదు. ఈ రెండు గుణాలూ పానీయాల వ్యాపారంలో విలువైనవి. ప్లాస్టిక్ సీసా నుంచి కార్బన్ డయాక్సైడ్ నెమ్మదిగా తప్పించుకుంటుంది. అందుకే నెలల తరబడి నిల్వ ఉన్న చిన్న సీసాలోని కూల్‌డ్రింకు చప్పబడుతుంది. బీరుకు వెలుతురు తగిలితే వాసన మారుతుంది.

నీటికి పోగొట్టుకునే గ్యాస్ లేదు, వెలుతురుకు మారిపోయే రుచీ లేదు. డబ్బా ఇచ్చే రక్షణకు ఎక్కువ ధర చెల్లించినా నీటికి దక్కే ప్రయోజనం స్వల్పమే.

పైగా డబ్బాలోని పానీయం నేరుగా లోహానికి తగలదు. తగిలితే లోహం దెబ్బతిని రుచి మారుతుంది. అందుకని లోపలి వైపు సన్నని పాలిమర్ పూత పూస్తారు. చక్కెర, పులుపు, సువాసన ఉన్న పానీయంలో చిన్న తేడా వచ్చినా తెలియదు. నీటికి తనదైన బలమైన రుచి లేదు కనుక ఏ కొంచెం వాసన అంటినా నాలుకకు తెలిసిపోతుంది.

గోళీకాయంత చోటులో సీసా

సీసాల ప్లాస్టిక్ పేరు పాలీఇథిలీన్ టెరిఫ్తాలేట్. వ్యాపార వాడుకలో ‘పెట్’. 1941లో ఇంగ్లండ్‌లో జాన్ రెక్స్ విన్‌ఫీల్డ్, జేమ్స్ టెనంట్ డిక్సన్ అనే రసాయన శాస్త్రవేత్తలు దీనికి పేటెంట్ పొందారు. మొదట ఇది బట్టల నూలుగా వాడుకలోకి వచ్చింది. మనం పాలిస్టర్ అని పిలిచేది ఇదే పదార్థాన్ని. అమెరికాలోని డ్యూపాంట్ సంస్థ ఇంజినీరు నథానియెల్ వైయెత్ 1973లో దీనితో సీసా తయారుచేసే విధానానికి పేటెంట్ పొందారు. ఆయన ఆ సీసాను రూపొందించింది గ్యాస్ ఉన్న పానీయాల ఒత్తిడిని తట్టుకోవడానికే. నీళ్ల వ్యాపారులు దాన్ని తర్వాత అందిపుచ్చుకున్నారు.

భారత్‌లో సీసా నీళ్ల వ్యాపారం ప్లాస్టిక్‌తో మొదలు కాలేదు. 1960ల్లో ముంబయిలో ఇటలీ మూలాలున్న బిస్లెరి నీరు గాజు సీసాల్లో వచ్చింది. 1969లో ఆ వ్యాపారాన్ని పార్లే సంస్థ కొనుగోలు చేసింది. గాజు బరువు, పగిలిపోయే గుణం, ఖాళీ సీసాలను వెనక్కు తేవలసిన బాధ్యత కారణంగా అది చాలాకాలం పెద్ద హోటళ్లకూ సంపన్నులకూ మాత్రమే అందే సరుకుగా ఉండిపోయింది. తేలికైన ప్లాస్టిక్ సీసా వచ్చాకే నీళ్లు రైలు పెట్టెలోకీ, పల్లెలోని కిరాణా కొట్టుకీ చేరాయి.

ఈ మార్పు వెనుక రవాణాకు సంబంధించిన ఒక ముఖ్యమైన సంగతి ఉంది. పెట్ సీసా కర్మాగారానికి సీసాగా రాదు. పరీక్ష నాళికలా వేలెడంత ఉండే ప్రీఫార్మ్‌గా వస్తుంది. నీళ్లు నింపే చోటే దాన్ని వేడిచేసి, అచ్చులో పెట్టి, అధిక పీడనంతో గాలి ఊది సీసాగా మారుస్తారు. ఒక్క లారీలో లక్షల సంఖ్యలో ప్రీఫార్మ్‌లు పడతాయి.

ఖాళీ డబ్బాలను అలా కుదించడం సాధ్యం కాదు. వాటిని పూర్తి ఆకారంలోనే తరలించాలి. అంటే లారీ మోసేది ఎక్కువగా గాలినే. డబ్బాల తయారీకి భారీ పెట్టుబడితో కూడిన కర్మాగారాలు అవసరం. అలాంటివి దేశంలో కొద్దిచోట్లే ఉన్నాయి. జిల్లా కేంద్రంలోనో మండల కేంద్రంలోనో చిన్న నీళ్ల ప్లాంటు పెట్టుకునే వ్యక్తి ప్రీఫార్మ్‌లు తెప్పించుకుని వ్యాపారం మొదలుపెట్టగలడు. డబ్బాలతో ఆ పని చేయలేడు.

లెక్క కూడా సీసాకే అనుకూలంగా ఉంటుంది. ఒక లీటరు నీటికి 330 మిల్లీలీటర్ల డబ్బాలు 3 కావాలి. వాటి బరువు కలిపి 40 గ్రాములకు దగ్గరగా ఉంటుంది. లీటరు ప్లాస్టిక్ సీసా సాధారణంగా అంతకంటే తేలిక. కిలోల్లో చూసినా అల్యూమినియం ధర పెట్ ముడిసరుకు ధర కంటే చాలా ఎక్కువ. 2025 సెప్టెంబరు నుంచి రైళ్లలో లీటరు ‘రైల్ నీర్’ సీసా ధర 14 రూపాయలు. అంత తక్కువ ధరకు అమ్మే సరుకులో, లోపలి నీటి కంటే పైనున్న పాత్రే ఎక్కువ ఖరీదైతే వ్యాపారం సాగదు.

మరచెంబు చెప్పే సంగతి

లోహపు పాత్రలో నీళ్లు తీసుకెళ్లడం తెలుగువారికి కొత్త కాదు. ప్లాస్టిక్ సీసాలు రాకముందు ప్రయాణమంటే చేతిలో మరచెంబు ఉండేది. మర తిప్పి బిగించే మూత ఉన్న ఇత్తడి చెంబు అది. బండి ఎంత కుదిపినా నీళ్లు ఒలికేవి కావు. దాహమైనప్పుడల్లా మూత తీసి, తాగి, మళ్లీ బిగించేవారు.

పానీయాల డబ్బాకు లేనిది సరిగ్గా ఆ మరమూతే. ఒకసారి తెరిచాక డబ్బాను మూయలేం. శీతల పానీయాన్ని అక్కడికక్కడే తాగేస్తారు కనుక దానికి ఇబ్బంది లేదు. నీళ్లను ఎవరూ అలా తాగరు. గుక్కెడు ఇప్పుడు, గుక్కెడు గంట తర్వాత తాగుతారు. సంచిలో వేసుకుంటారు. పిల్లలకు పడతారు. పొలం గట్టున, బస్సు కిటికీ పక్కన, ఆసుపత్రి మంచం దగ్గర పెట్టుకుంటారు.

మన ఇళ్లలో ఎంగిలి పట్టింపు ఒకటి ఉంది. ఒకే సీసా నలుగురి చేతులు మారాలంటే నోటికి తగలకుండా ఎత్తి పోసుకోవాలి. సన్నని మూతి ఉన్న సీసాతో అది సులువు. డబ్బా పైరేకు మీది వెడల్పాటి కంత నుంచి అలా పోసుకుంటే నీళ్లు సగం చొక్కా మీదే పడతాయి. మరమూత ఉన్న అల్యూమినియం సీసాలు కూడా విపణిలో ఉన్నాయి. అయితే వాటికి డబ్బా కంటే ఎక్కువ లోహం, ఎక్కువ ఖర్చు అవసరమవుతాయి.

కంటికి కనిపించే నమ్మకం

నీళ్లు కొనేవారు రెండు విషయాలు చూస్తారు. నీళ్లు తేటగా ఉన్నాయా? మూత సీలు ఊడకుండా ఉందా? పారదర్శకమైన సీసా ఈ రెండింటికీ వెంటనే జవాబు చెబుతుంది. డబ్బాలో ఏముందో తెరిచేదాకా తెలియదు.

చట్టం కూడా ఈ నమ్మకాన్నే బలపరిచింది. భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2011 నిబంధనల ప్రకారం ప్యాకేజ్డ్ తాగునీటిని పరిశుభ్రమైన, రంగులేని, పారదర్శకమైన, ఎవరైనా తెరిస్తే తెలిసిపోయే పాత్రల్లోనే నింపాలి. ఆ నిబంధన పేర్కొన్న పదార్థాలు కొన్ని రకాల ప్లాస్టిక్‌లు, గాజు. లోహపు డబ్బాకు అందులో చోటు లేదు. తర్వాతి కాలంలో కొన్ని సంస్థలు దేశంలో అల్యూమినియం డబ్బాల్లో నీళ్లు అమ్మడం మొదలుపెట్టినా, అప్పటికే మార్కెట్ అంతా సీసాకు అలవాటుపడింది.

అయితే తేటగా కనిపించే నీరంతా మంచినీరు కాదన్న సత్యం తెలుగు నేలకు తెలిసినంతగా మరెవరికీ తెలియకపోవచ్చు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ వ్యాధిని 1937లోనే వైద్యులు నమోదు చేశారు. నల్గొండ జిల్లాలో ఎన్నో గ్రామాల ప్రజల ఎముకలను వంచేసిన ఫ్లోరైడ్ నీరు కంటికి స్వచ్ఛంగానే కనిపించేది. నైట్రేట్లు, పురుగుమందుల అవశేషాలు, సూక్ష్మక్రిములు కూడా అంతే. పారదర్శకత కొనేవారికి ధైర్యం ఇస్తుంది. భద్రతను మాత్రం ప్రయోగశాల పరీక్షే తేల్చాలి.

ఈ పరీక్షల వ్యవస్థ కూడా ఇటీవల మారింది. 2001 నుంచి సీసా నీటికి భారతీయ ప్రమాణాల సంస్థ ధ్రువీకరణ తప్పనిసరిగా ఉండేది. 2024 అక్టోబరులో ఆ నియమాన్ని తొలగించారు. అదే ఏడాది నవంబరులో ప్యాకేజ్డ్ తాగునీటిని అధిక ముప్పు ఉన్న ఆహార పదార్థాల విభాగంలో చేర్చారు. దీంతో ఏటా తనిఖీలు, బయటి సంస్థల ఆడిట్లు అవసరమయ్యాయి.

డబ్బా నీళ్లు ఎక్కడ కనిపిస్తాయి?

అమెరికాలో డబ్బా నీటికి చాలాకాలంగా ఒక ప్రత్యేక ఉపయోగం ఉంది. బీరు తయారీ సంస్థ అన్‌హైజర్ బుష్ 1988 నుంచి తుపాన్లు, వరదల వంటి విపత్తుల బాధితులకు డబ్బాల్లో తాగునీరు నింపి పంపుతోంది. బీరు నింపే యంత్రాలు, డబ్బాలు అప్పటికే సిద్ధంగా ఉండటమే ఇందుకు కారణం.

2019లో పరిస్థితి మరో మలుపు తిరిగింది. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయం ఆ ఏడాది ఆగస్టులో ప్లాస్టిక్ సీసాల్లో నీటి అమ్మకాన్ని నిలిపివేసింది. పెద్ద శీతల పానీయాల సంస్థలు తమ నీటి బ్రాండ్లను డబ్బాల్లో తెస్తామని ప్రకటించాయి. ‘లిక్విడ్ డెత్’ అనే సంస్థ పూర్తిగా డబ్బా నీళ్ల మీదనే పేరు సంపాదించింది. ఈ ఉదాహరణలన్నింటిలో ఒక పోలిక ఉంది. డబ్బా నీటిని కొనేవారు ఎక్కువ ధర పెట్టగలిగినవారు, లేదా ప్లాస్టిక్ దొరకని చోట ఉన్నవారు.

డబ్బా నిజంగా మేలైనదా?

సమాధానం డబ్బా ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోతుంది అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

ఖనిజం నుంచి కొత్తగా ఒక కిలో అల్యూమినియం తీయడానికి సుమారు 14 యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది. భారత్‌లో ఆ విద్యుత్తు అధిక భాగం బొగ్గు నుంచే వస్తుంది. ముడి ఖనిజమైన బాక్సైట్ తవ్వకం అంటే ఏమిటో, దాన్ని వ్యతిరేకించిన విశాఖ మన్యం గిరిజనులకు బాగా తెలుసు. పాత డబ్బాను కరిగించి కొత్తది చేస్తే మాత్రం ఈ విద్యుత్తులో దాదాపు 95 శాతం ఆదా అవుతుంది. అంటే వెనక్కు వచ్చే డబ్బా మేలు చేస్తుంది. వెనక్కు రాని డబ్బా ప్లాస్టిక్ సీసా కంటే ఎక్కువ భారం మోపవచ్చు.

ఆరోగ్యం విషయంలోనూ ఒక వైపే తప్పు లేదు. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024 జనవరిలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పరీక్షించిన ప్లాస్టిక్ సీసాల నీటిలో లీటరుకు సగటున 2,40,000 ప్లాస్టిక్ రేణువులు ఉన్నాయి. వాటిలో అత్యధికం నానో పరిమాణంలోనివి. వాటి ప్రభావంపై పరిశోధనలు కొనసాగుతున్నాయి. పెట్ తయారీలో వాడే యాంటిమనీ అనే మూలకం వేడి పెరిగేకొద్దీ నీటిలోకి ఎక్కువగా చేరుతుంది. ఎండలో నిలిపిన కారులో వదిలేసిన సీసా నీళ్లు తాగవద్దని చెప్పడానికి ఇదొక కారణం.

డబ్బా లోపల ఉన్న పూత కూడా ప్లాస్టిక్ జాతిదే. అలాంటి పూతల్లో చాలాకాలం వాడిన బిస్‌ఫినాల్-ఎ అనే రసాయనాన్ని ఆహారానికి తగిలే వస్తువుల్లో నిషేధిస్తూ ఐరోపా సంఘం 2024 డిసెంబరులో నిర్ణయం తీసుకుంది.

ఖాళీ పాత్ర ఎవరి బాధ్యత?

గోలీసోడా తాగినవారెవరూ సీసాను ఇంటికి తీసుకెళ్లేవారు కాదు. తాగి, అక్కడే దుకాణదారు చేతికి ఇచ్చేవారు. సీసా అమ్మేవాడిది, సోడా మాత్రమే కొనేవాడిది. ఖాళీ సీసాకు విలువ ఉంది కాబట్టి అది రోడ్డు పక్కన పడలేదు. ప్లాస్టిక్ సీసా ఆ బంధాన్ని తెంచేసింది. అమ్మినవారికి దానితో పని లేదు, తాగినవారికీ పని లేదు. మిగిలింది మున్సిపల్ కార్మికులు, చెత్త ఏరుకునేవారు, ఊరి చివరి చెరువు.

ఈ బంధాన్ని మళ్లీ ముడివేసిన చోట్లు ఉన్నాయి. జర్మనీలో 2003 నుంచి ఒకసారి వాడి పారేసే పానీయ పాత్రలపై ముందస్తు సొమ్ము వసూలు చేస్తున్నారు. ఇప్పుడది 25 సెంట్లు. సీసా అయినా డబ్బా అయినా వెనక్కు ఇస్తేనే ఆ సొమ్ము తిరిగి వస్తుంది. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలను నిషేధించిన తర్వాత, డిపాజిట్ తీసుకుని గాజు సీసాల్లో నీళ్లు అమ్మే పద్ధతి వచ్చింది. సిక్కిం రాష్ట్రం 2022 జనవరి 1 నుంచి ప్యాకేజ్డ్ తాగునీటి ప్లాస్టిక్ సీసాలను నిషేధించింది.

భారత్‌లో వాడేసిన పెట్ సీసాలు పాత సామాన్ల వ్యాపారుల ద్వారా ఎక్కువగా పాలిస్టర్ నూలుగా మారుతున్నాయి. సీసా మళ్లీ సీసాగా మారడం తక్కువ. రీసైకిల్ చేసిన పెట్‌ను ఆహార పాత్రలకు వాడటానికి 2022లో అనుమతి లభించింది. గట్టి ప్లాస్టిక్ ప్యాకేజింగ్‌లో 2025-26 నుంచి కనీసం 30 శాతం రీసైకిల్ ప్లాస్టిక్ ఉండాలని నిబంధనలు నిర్దేశించాయి.

నీళ్ల సీసా గెలిచింది చవకగా దొరకడం వల్ల, మళ్లీ మూయగలగడం వల్ల, లోపలిది కనిపించడం వల్ల. దాన్ని ఏరి, తరలించి, కరిగించే ఖర్చు ఆ ధరలో చేరితే, డబ్బాకూ గాజుకూ దానికీ మధ్య ఉన్న తేడా చాలావరకు తగ్గుతుంది. ఆ ఖర్చును ఎవరు భరించాలన్నది కర్మాగారంలో తేలే విషయం కాదు, ప్రభుత్వాలు నిర్ణయించవలసినది.

అప్పటిదాకా కొనేవారు తీసుకోగల జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. మూత సీలు, తయారీ తేదీ, ఆహార భద్రత సంస్థ లైసెన్సు సంఖ్య చూడాలి. ఎండలో పెట్టి అమ్మే సీసాను కొనకూడదు. కల్తీదారులు ఖాళీ సీసాలో మళ్లీ నీళ్లు నింపకుండా, తాగాక దాన్ని నలిపేయాలి. ఇంటి కుళాయిలో పరీక్షించిన మంచినీళ్లు వచ్చే ఊళ్లో అయితే, ప్రయాణానికి ముందు స్టీలు సీసా నింపుకుంటే చాలు. మరచెంబు చేసిన పని అది కూడా చేస్తుంది.